నమ్మకాలు వదిలి రమ్మనకండి

నీ ప్రశ్న రెండు మూడుసార్లు చదివానమ్మా. కందుకూరులో మీ వీధి పిల్లలు పద్నాలుగు మంది కలిసి, కులమతాల పట్టింపు లేకుండా కష్టానికి ఒకరికొకరు నిలబడే బృందం పెట్టుకున్నారు. మొదటిసారి కూర్చున్న రోజే ఏ ప్రార్థనతో మొదలుపెట్టాలన్న దగ్గర మాటామాటా పెరిగి ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. ఇంట్లో చూస్తే, మీ అక్క పెళ్ళయ్యాక బాప్తిస్మం తీసుకుందని నాన్న రెండేళ్ళుగా ఆమెతో మాట్లాడటం లేదు. "అందరూ నమ్మకాలు గుమ్మం బయట వదిలి రావాలని రూలు పెడదామా? షరతుల్లేని ప్రేమ అసలు కుదిరే పనేనా?" అని అడిగావు.

కుదురుతుంది. ఆ రూలు మాత్రం పెట్టొద్దు.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఏఎన్ఎంగా, అంటే ఊళ్ళు తిరిగే ఆరోగ్య కార్యకర్తగా పనిచేశాను. కోవూరు చుట్టుపక్కల ఊళ్ళలో పేరు చెబితే ఎవరికీ తెలియదు, నర్సమ్మ అంటే తెలుస్తుంది. టీకాల పెట్టె భుజాన వేసుకుని రెడ్ల ఇళ్ళకీ, దళితవాడకీ, సాయిబుల వీధికీ, గిరిజనులైన యానాదుల కాలనీకీ ఒకే రోజు తిరిగినదాన్ని. మీరు పెట్టుకున్నలాంటి బృందమే మా దగ్గరా ఇరవై రెండేళ్ళుగా నడుస్తోంది. దానికి పేరు లేదు. పేరు కోసం మొదట్లో రెండు నెలలు వాదించుకున్నాం. ఈలోగా ఒకాయనకు పక్షవాతం వచ్చి నెల్లూరు పెద్దాసుపత్రిలో రాత్రిళ్ళు మనిషి తోడు కావాల్సి వచ్చింది, పేరు సంగతి పక్కకుపోయి పని మొదలైంది. ఆస్పత్రిలో తోడు కూర్చోవడం, చావు ఇంటికి మూడు రోజులు వంట చేసి పంపడం, రక్తం కావాలంటే మనిషిని వెతికి పట్టుకోవడం. ఇప్పటికీ ఇవే చేస్తున్నాం.

నమ్మకం చెప్పుల జత కాదు తల్లీ, గుమ్మం దగ్గర విడిచి రావడానికి. అయిదు పూటలా నమాజు చదివే మనిషి ఆ నమ్మకంతోనే నిద్ర లేస్తాడు, దానితోనే అన్నం ముందు కూర్చుంటాడు. అది వదిలేసి రమ్మంటే సగం మనిషిని రమ్మన్నట్టే. దేవుడి సంగతి అంతగా పట్టనివాళ్ళకు మీ రూలు సులువుగా ఉంటుంది, బరువంతా భక్తి ఉన్నవాళ్ళ మీద పడుతుంది. షరతులు వద్దనుకుంటూనే గుమ్మంలోనే ఒకటి పెట్టినట్టవుతుంది.

అసలు షరతు ఎక్కడుంటుందో చెప్తాను. నోటితో ఎవరూ పెట్టరు. మనం చేసే ఏర్పాట్లలో దాక్కుని ఉంటుంది.

మొదట్లో మేం మా ఇంట్లోనే కూర్చునేవాళ్ళం. దళితవాడ నుంచి ఒక పాస్టరుగారు సైకిలు మీద వచ్చేవారు. రక్తం అన్నా, రాత్రి తోడు అన్నా మొదట లేచేది ఆయనే. టీ నేను కలిపేదాన్ని. ఇంట్లో స్టీలు గ్లాసులు ఎనిమిది ఉండేవి, మనుషులు పదకొండు పన్నెండు మంది. తక్కువైనవాళ్ళకు కాగితం గ్లాసుల్లో పోసేదాన్ని. మూడేళ్ళు ఇలాగే గడిచింది. ఒకరోజు వంటింట్లో సాయానికి వచ్చిన పిల్ల ట్రేలో గ్లాసులు సర్దుతూ, "పాస్టరుగారికి కాగితం గ్లాసే కదా నర్సమ్మా?" అంది. "ఎందుకంటా?" అన్నాను. "ఎప్పుడూ అంతేగా" అంది.

పొయ్యి కట్టేసి అక్కడే నిలబడ్డాను. ఎంత తలుచుకున్నా, ఆ మూడేళ్ళలో ఆయన చేతికి ఒక్కసారైనా స్టీలు గ్లాసు ఇచ్చిన గుర్తు రాలేదు. కావాలని చేసింది కాదు. ట్రే ఎటువైపు నుంచి తిప్పాలో, ఎవరి దగ్గర ఆఖరున ఆపాలో చిన్నప్పుడు మా అమ్మ ఇంట్లో చూసిందే నా చెయ్యి చేసుకుపోయింది. మర్నాడు ఆయన ఇంటికి వెళ్ళి చెప్పాను. "తెలుసమ్మా" అన్నారు. మరి ఎందుకు వస్తూ ఉన్నారని అడిగితే, "మా వాడలో బాలింతకు రక్తం ఇచ్చింది మీ ఇంట్లో కూర్చున్న మనుషులే గదా" అన్నారు. ఆయన భార్య టీ ఇచ్చింది. ఆ గ్లాసు పట్టుకుని కాసేపు తాగలేకపోయాను. ఆ నెలలో ఇరవై నాలుగు స్టీలు గ్లాసులు కొన్నాం. ఇప్పటికీ అవే వాడతాం.

మీ దగ్గరా అలాంటి గ్లాసు ఒకటి ఎక్కడో ఉంటుంది, వెతకండి. ఎవరిని "గారూ" అంటున్నారు, ఎవరిని "ఒరే" అంటున్నారు, కుర్చీ ఎవరికి పడుతోంది, మెట్టు మీద ఎవరు కూర్చుంటున్నారు, తిన్న ఆకులు ఎవరు ఎత్తుతున్నారు. మన జిల్లాల్లో మతం అనే మాట వెనక చాలాసార్లు కులం నిలబడి ఉంటుంది. దాన్ని చూడకుండా సర్వమత సామరస్యం అంటే కాగితం గ్లాసు కాగితం గ్లాసుగానే ఉండిపోతుంది. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షకు కూర్చున్నారు. ఆ గుడి తలుపు ఆయనకు మూసి లేదు. ఆయన ఎప్పుడైనా లోపలికి వెళ్ళి దణ్ణం పెట్టుకోవచ్చు. పక్కవాడికి మూసిన తలుపు తనకు తెరిచి ఉంటే ఏం లాభం అనుకోబట్టే తిండి మానుకున్నారు. ప్రేమ అంటే నాకు ఎప్పుడూ ఆయనే గుర్తొస్తారు.

ఇక ప్రార్థన గొడవ. మేమూ ఆ రేవు దాటి వచ్చినవాళ్ళమే. సర్వమత ప్రార్థన అని పెట్టాం. ఒక శ్లోకం, బైబిలు నుంచి నాలుగు వాక్యాలు, ఖురాను నుంచి ఒక ఆయత్. ఇరవై నిమిషాలు పట్టేది. ఎవరి వంతుకు వాళ్ళు కళ్ళు మూసుకునేవారు, మిగతావాళ్ళు గడియారం చూసేవారు. మాలో దేవుణ్ణి నమ్మని మాష్టారు ఒకాయన ఉన్నారు. ఆ ఇరవై నిమిషాలూ బయట వేపచెట్టు కింద నిలబడేవారు. ఎండాకాలం కూడా. ఒకసారి ఒక పెద్ద సాయిబుగారు ఆ చెట్టు వైపు చూసి, "ఆయన్ని ఎండలో నిలబెట్టి మనం ఎవరిని పిలుస్తున్నామబ్బా?" అన్నారు. ఆ నెలతో అది ఆగింది.

ఇప్పుడు కూర్చోగానే జాబితా చదువుతాం. ఆస్పత్రిలో ఎవరున్నారు, ఏ వార్డు, ఎవరింట్లో చావు జరిగింది, ఎవరికి డబ్బుల్లేక బీపీ మందులు ఆగిపోయాయి. ప్రార్థన చేసుకునేవాళ్ళు అరగంట ముందు వచ్చి ఎవరి పద్ధతిలో వాళ్ళు చేసుకుంటారు. నమాజు వేళయితే ఒక మూల చాప పరుస్తాం, అందరం పది నిమిషాలు ఆగుతాం. ఎవరి ప్రార్థననూ ఆపం, ఎవరి చేతా చేయించం. లేచిపోయిన ఆ ముగ్గురి ఇళ్ళకూ మీరు వెళ్ళి ఇదొక్కటే చెప్పండి. సభకు పిలవడానికి కాకుండా, ఊరికే పలకరించడానికి వెళ్ళినట్టు వెళ్ళండి.

రొట్టెల పండుగకు నువ్వు ఎప్పుడన్నా వచ్చావో లేదో. నెల్లూరులో స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం నెలలో జరుగుతుంది. 2015లో రాష్ట్ర పండుగ చేశారు గానీ మాకు చిన్నప్పటినుంచీ తెలిసిందే. కోరిక తీరినవాళ్ళు చెరువు నీళ్ళలో నిలబడి రొట్టె పంచుతారు, కోరిక ఉన్నవాళ్ళు తీసుకుని తింటారు, తీరితే మళ్ళీ తెచ్చి పంచాలి. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఆరోగ్యం రొట్టె. పెళ్ళయిన ఏడేళ్ళకీ పిల్లలు లేక నేను సంతానం రొట్టె కోసం దిగాను. వైద్యం ఒకపక్క చేయించుకుంటూనే ఉన్నాను, అయినా దిగాను. మోకాటి లోతు నీళ్ళలో ఒకామె కొంగులో చుట్టుకున్న రొట్టె తీసి, "ఏ రొట్టె కావాలమ్మా?" అంది. ఏ ఊరు, ఎవరింటి పిల్లవి, నుదుట బొట్టుందా లేదా, ఏదీ చూడలేదు. ఏం కావాలి అని మాత్రం అడిగింది. మా బృందంలోకి కొత్తగా ఎవరొచ్చినా నేను అడిగే మొదటి మాట ఆమె దగ్గర నేర్చుకున్నదే.

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. దర్గాకు మొక్కడం తమ మతంలో తప్పనే సాయిబులు మాలోనే ఉన్నారు. ఆ రొట్టె ముట్టని క్రైస్తవులూ ఉన్నారు. వాళ్ళను "మీకు కలివిడితనం లేదు" అని వేలెత్తి చూపకూడదు. కలిపి చూసుకోవడం మన నేలలో పాత అలవాటు. తిక్కనగారు శివుణ్ణీ విష్ణువునూ ఒకే మూర్తిగా తలచి హరిహరనాథుడికి భారతాన్ని అంకితమిచ్చారు. కసుమూరు దర్గాలో మస్తాన్ స్వామికి మొక్కుకుని పిల్లలకు మస్తానయ్య, మస్తానమ్మ అని పెట్టుకున్న హిందువుల ఇళ్ళు మావైపు లెక్కలేనన్ని. అది చాలా గొప్ప సంగతి, నాకు ప్రాణం. కానీ అలా కలవలేని భక్తులూ మంచి మనుషులే, వాళ్ళకూ చోటుండాలి. ఒకరి పండుగలో ఒకరు మునగాలన్నది మీ బృందంలో చేరడానికి పరీక్ష అయిపోకూడదు.

రోజు, వేళ, తిండి గురించి చిన్న చిన్న విషయాలు. ఆదివారం పొద్దున పెడితే చర్చికి వెళ్ళేవాళ్ళు రారు, శుక్రవారం మధ్యాహ్నం సాయిబులు రారు, రాత్రి ఏడింటికి పెడితే ఆడవాళ్ళు రారు. మేం రెండో శనివారం సాయంత్రం నాలుగింటికి పెట్టుకున్నాం, మూతపడిన ఒక రైసుమిల్లు ముందు షెడ్డులో. గుడి, మసీదు, చర్చి ఏవీ కాని చోటు చూసుకోండి, ఎవరి ఇల్లూ కాకపోతే ఇంకా మంచిది. ఉమ్మడి భోజనం పెట్టినప్పుడు పప్పు, గోంగూర, సాంబారు, పెరుగు, అంతే. ఇతరుల చేతి వంట తినని వాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళు కారియర్ తెచ్చుకుని అదే బంతిలో కూర్చుంటారు. తినలేదని ఎవరూ మొహం ముడుచుకోరు. రంజాన్ నెలలో టీ పెట్టం.

సాయానికి బదులు ఆశించడం అన్నిటికన్నా గట్టి షరతు. దీని గురించి మీ ప్రకాశం వైపు కథే చెప్తాను. 1876 నుంచి 78 దాకా ధాత కరువు వచ్చింది. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీగా ఉన్న క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి పని చూపించారు. ఆ రోజుల్లోనే బాప్తిస్మం కోసం జనం వస్తే ఇవ్వలేదు. కూటి కోసం మతంలోకి రావడం ఆయనకు ఇష్టం లేదు. కరువు పనులు ముగిశాకే మళ్ళీ మొదలుపెట్టారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. తర్వాత జరిగినదాని మీద ఎవరి అభిప్రాయం వారిది, నేను అందులోకి పోను. ఆకలిగొన్నవాడి ముందు అన్నం పెట్టి చేతులు వెనక్కి కట్టుకున్నారు చూడు, ఆ మధ్యకాలం నాకు ముఖ్యం.

దాన్నుంచే మాకొక కట్టుబాటు వచ్చింది. రోగి నోరు తెరిచి అడిగితే తప్ప మంచం దగ్గర ప్రార్థన లేదు, విభూతి లేదు, తాయెత్తు లేదు. మాష్టారు కూడా అక్కడ దేవుడు లేడని వాదించకూడదు. ఒక కుర్రాడు ఆపుకోలేక ఒక ముసలామె తలమీద చెయ్యిపెట్టి గట్టిగా ప్రార్థన చేశాడు. ఆమె భయపడి ఆ రాత్రి నుంచి మావాళ్ళెవరినీ దగ్గరికి రానివ్వలేదు. కొడుకు దూరాన ఉన్నాడు, నాలుగు రాత్రులు ఆమె ఒంటరిగా పడుకుంది. ఆ కుర్రాడిది చెడ్డ మనసు కాదు. అయినా ఆ నాలుగు రాత్రులు నాకు ఇప్పటికీ కలుక్కుమంటాయి.

చావు దగ్గర ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి. మా వీధిలో ఒకామె పదిహేనేళ్ళు చర్చికి వెళ్ళింది. పెద్దకొడుకు హిందువుగానే ఉన్నాడు, చిన్నవాడు తల్లితో వెళ్ళాడు. ఆమె పోయిన రోజు ఒకడు దహనం అన్నాడు, ఒకడు పూడ్చాలన్నాడు. బంధువులు రెండు గుంపులుగా వీధిలో నిలబడ్డారు. మధ్యాహ్నం పన్నెండయింది, శవం ఐసు పెట్టెలో ఉంది. మా వాళ్ళు నలుగురం వెళ్ళాం. ఎవరికీ న్యాయం చెప్పలేదు. ఇద్దరు కొడుకుల్నీ పక్కింటి పెరట్లో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, "అమ్మ ఆఖరి నెలల్లో ఏమేం మాట్లాడేది?" అని అడిగాం. గంటసేపు అమ్మ గురించే చెప్పుకున్నారు. నెల్లూరు చేపల పులుసు ఎట్లా చేసేది, తండ్రి పోయాక ఇద్దర్నీ ఎట్లా చదివించింది. మధ్యలో పెద్దవాడే అన్నాడు, "నన్ను మట్టిలో పెట్టండ్రా, నిప్పంటే భయం అనేది" అని. ఆ మాట వాడి నోటినుంచే వచ్చింది. సమాధి తవ్వడానికి సాయిబుల వీధి నుంచి ముగ్గురు కుర్రాళ్ళు వచ్చారు. పదకొండో రోజు పెద్దవాడు తన ఇంట్లో తన పద్ధతిలో కర్మ చేసుకున్నాడు. చిన్నవాడు కర్మ దగ్గర కూర్చోలేదు గానీ విస్తళ్ళు తెచ్చి వాకిట్లో పెట్టి, బంతి లేచేదాకా వడ్డించాడు.

అన్నీ ఇలా కుదరవు. మాలో ఒకాయన ఫోన్లో ఒక మతం వాళ్ళ మీద విషం కక్కే సందేశాలు పంపడం మొదలుపెట్టాడు. షరతుల్లేని ప్రేమ గదా అని ఊరుకుంటే, ఆ మాటలు పడేవాళ్ళ మీద ప్రేమ లేనట్టే. ఇద్దరం ఇంటికి వెళ్ళి చెప్పాం. వినలేదు. వాట్సాప్ గ్రూపులోంచి తీసేశాం, జాబితా బాధ్యత వేరేవాళ్ళకు ఇచ్చాం. కానీ మా కారియర్ అందుకునే ఇళ్ళలోంచి ఆయన ఇంటిని తీయలేదు. మోకాలి ఆపరేషన్ అయినప్పుడు పద్దెనిమిది రోజులు అన్నం వెళ్ళింది, వంతుల ప్రకారం మూడుసార్లు ఒక ముస్లిం ఇంటినుంచే వెళ్ళింది. ఆయన మారాడా అంటే పూర్తిగా మారలేదు. అలాంటివి పంపడం మానేశాడు. పండక్కి ఆ ఇంటికి అరిసెలు పంపాడు. మారితేనే అన్నం అని మేం అనుకోలేదు గనక ఇంతకన్నా లెక్క చూడం.

2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలుపట్టాలూ హైవే దెబ్బతిన్నప్పుడు, అన్నం పొట్లాల కోసం ఇళ్ళ పేర్లు రాసుకుంటున్నాం. యానాదుల కాలనీ దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. మూడు మతాల వాళ్ళం, ఒక నాస్తికుడు, అందరం ఉన్నామని పద్దెనిమిదేళ్ళు సంతోషపడ్డాం. ఆ కాలనీ నుంచి ఒక్కరు లేరు. నేను టీకాలు వేసిన పిల్లలే అక్కడ తల్లులయ్యారు, నాకే గుర్తు రాలేదు. నీళ్ళు తీశాక వెళ్ళి పిలిస్తే, "మేమొచ్చి ఏం మాట్లాడతామమ్మా" అన్నారు. ఏడాది పట్టింది. ఇప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు వస్తున్నారు. మీ పద్నాలుగు మందిలో ఎవరు లేరో ఇప్పుడే చూసుకోండి, మాలాగా వరద వచ్చేదాకా ఆగొద్దు.

ఇక మీ అక్క. వీధి సంగతికన్నా ముందు నువ్వు చేయాల్సింది ఇదే. నాన్నతో వాదించొద్దు. అక్క తరఫున వకీలుగా నిలబడితే ఆయన ఇంకా బిగుసుకుంటాడు. ముందు నువ్వు అక్క ఇంటికి వెళ్ళి అన్నం తిను. రెండు వారాలకోసారి వెళ్ళు. వచ్చాక నాన్న వినేలా, "అక్కకు మళ్ళీ ఆయాసం వచ్చింది", "చిన్నోడికి పన్ను ఊడింది", ఇలాంటివి అమ్మతో చెప్పు. ఆయన పేపరు చదువుతున్నట్టు కూర్చున్నా వింటాడు.

ఇలాంటి ఇళ్ళలో అసలు దెబ్బ ప్రసాదం దగ్గర తగులుతుంది. పండక్కి పిల్ల వస్తుంది, అమ్మ ప్రేమగా పెడుతుంది, దేవుడి ముందు పెట్టింది తిననని పిల్ల అంటుంది. అమ్మకు తన చేతి వంటను కాదన్నట్టు ఉంటుంది, పిల్లకు తన నమ్మకాన్ని తోసేసినట్టు ఉంటుంది. మా పక్కింటి క్రైస్తవుల పిల్లల కోసం నేను ఎన్నో ఏళ్ళుగా చేసే పని చెప్తాను. గారెలైనా, పులిహోరైనా నైవేద్యం పెట్టకముందే వాళ్ళ వంతు ఒక గిన్నెలోకి తీసి మూతపెడతాను. మీ అమ్మకు అలా ముందే తీయడానికి మనసు ఒప్పకపోతే చిన్న గిన్నెలో వేరేగా వండమను. ఆమె పూజా ఆగదు, అక్క మాటా పోదు. అక్కకు కూడా చెప్పు, "ఇది దేవుడి ముందు పెట్టలేదు, నీ కోసమే తీసిపెట్టింది" అని. ఆ ముక్క తప్పకుండా చెప్పాలి.

వినాయక చవితికి ఇంకా టైముంది. ఈలోగా అమ్మతో ఆ గిన్నె సంగతి మాట్లాడు. ఉండ్రాళ్ళో, పాయసమో, అక్కకు ఏది ఇష్టమో అమ్మకు తెలిసే ఉంటుంది. గిన్నె నువ్వే పట్టుకెళ్ళు. తిరిగొచ్చాక ఖాళీ గిన్నె నాన్నకు కనిపించేలా గట్టు మీద బోర్లించు.